ముట్టు ముందు వారం: మందు కన్నా ముందు లెక్క

ముట్టు ఇంకో వారం ఉందనగా రొమ్ములు సలపడం మొదలవుతుంది. కడుపు ఉబ్బి లంగా బొందు బిగుసుకుంటుంది. "కూరలో ఉప్పు తగ్గిందేమో" అన్న ఒక్క మాటకు కళ్లలో నీళ్లు, లేదంటే చేతిలో గిన్నె ఠపీమని గట్టు మీద. తీరా ముట్టు వచ్చాక రెండో రోజుకో మూడో రోజుకో అంతా చేత్తో తీసేసినట్టు పోతుంది. డాక్టర్లు దీన్నే పీఎంఎస్ (ప్రీమెన్‌స్ట్రువల్ సిండ్రోమ్, అంటే ముట్టు ముందు వచ్చే లక్షణాల గుంపు) అంటారు. 1931లో అమెరికా వైద్యుడు రాబర్ట్ ఫ్రాంక్ దీని గురించి రాశాడు. ఇప్పటి పేరు 1953లో బ్రిటన్‌లో క్యాథరీనా డాల్టన్, రేమండ్ గ్రీన్ పెట్టారు.

దీనితో ఒక తిరకాసు ఉంది. ఏం చేయకపోయినా నెలకోసారి దానంతటదే తగ్గుతుంది. కాబట్టి ఆ వారంలో ఏది మింగినా పేరు దానికే వస్తుంది. హోమియో గుళికలైనా, శొంఠి కషాయమైనా, మందుల షాపులో ఇచ్చిన బిళ్లయినా అంతే. ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం వైపు తెలుగు ఇళ్లలో ఈ మూడూ ఒకేసారి నడుస్తుంటాయి. ఏది పనిచేసిందో చెప్పగలిగేది కాగితం మీద లెక్క ఒక్కటే. అందుకే మందుల సంగతి తర్వాత, ముందు లెక్క.

ఎందుకు వస్తుందో క్లుప్తంగా చెప్పుకుందాం. నెల మధ్యలో అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరోన్ పెరుగుతుంది. శరీరం అందులో కొంత భాగాన్ని అల్లోప్రెగ్ననొలోన్ అనే పదార్థంగా మారుస్తుంది. అది మెదడును శాంతపరిచే గాబా వ్యవస్థ మీద పనిచేస్తుంది. కొందరి మెదడు ఈ హెచ్చుతగ్గులకు శాంతించే బదులు రేగుతుంది. మూడ్‌ను నడిపే మెదడు రసాయనం సెరటోనిన్ పాత్ర కూడా ఉంది. హార్మోన్ల మోతాదు మాత్రం మామూలుగానే ఉంటుంది, తేడా అంతా వాటికి మెదడు స్పందించే తీరులోనే. అందువల్ల ల్యాబులో వేలు పోసి "హార్మోన్ ప్యాకేజీ" చేయించుకుంటే అన్నీ నార్మల్ అని వస్తుంది. జబ్బు లేదని దాని అర్థం కాదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, ఈ రెండూ చేయించండి. ఆ రెండు లోపాలూ అచ్చం ఇలాగే నీరసం, చిరాకు తెస్తాయి.

లెక్క రాసే పద్ధతి

సరిగ్గా రక్తస్రావం మొదలైన రోజు ఒకటో రోజు. ముందు రోజు కనిపించిన మరక లెక్కలోకి రాదు. మిమ్మల్ని ఎక్కువ బాధించే నాలుగే నాలుగు లక్షణాలు ఎంచుకోండి. చిరాకు, ఏడుపు, రొమ్ముల సలుపు, కడుపుబ్బరం అనుకుందాం. పదిహేను పెట్టుకుంటే వారానికే విసుగొచ్చి మానేస్తారు. రోజూ పడుకునే ముందు ఒక్కోదానికి అంకె వేయండి. లేకపోతే 0. ఉన్నా పని సాగితే 1. పనికి అడ్డం పడితే 2. పని ఆగిపోయినా, ఇంట్లో రభస అయినా 3. కనీసం రెండు నెలసరులు ఇలా రాయాలి.

ఇప్పుడు కూడిక. ముట్టుకు ముందు ఏడు రోజుల అంకెలు కూడండి. తర్వాత 6వ రోజు నుంచి 12వ రోజు దాకా ఏడు రోజులవి కూడండి. ఉదాహరణకు 28 రోజుల నెలలో 22 నుంచి 28 దాకా చిరాకు వరుస ఇలా ఉందనుకోండి: 1, 1, 2, 2, 3, 3, 2. మొత్తం 14. ముట్టు మొదటి రోజు 2, రెండో రోజు 1, ఆ తర్వాత సున్నాలు. 6 నుంచి 12 మధ్య ఒకే ఒక్క 1. పద్నాలుగుకు ఒకటి. ఇది పీఎంఎస్. అదే ముందు వారం 15, 6 నుంచి 12 మధ్య 10 వచ్చిందా? అది నెలంతా ఉన్న దిగులో ఆందోళనో, ముట్టు ముందు ఇంకాస్త ముదురుతోంది. దానికి వైద్యం వేరు. అంకెలు నెలంతా చెల్లాచెదురుగా ఉంటే ముట్టుతో దానికి సంబంధమే లేదు.

లెక్క చెడేది చిన్న చిన్న చోట్ల. చాలామంది పాల లెక్క రాసే వంటింటి క్యాలెండర్ మీదే ఇదీ వేస్తారు. ముట్టు రోజుల్లో వంటింట్లోకి వెళ్లని ఇళ్లలో సరిగ్గా 1, 2, 3 రోజులు ఖాళీగా ఉండిపోతాయి. బాధ ఎప్పుడు వదిలిందో తెలిపేవి ఆ రోజులే. చిన్న పుస్తకంలోనో ఫోన్‌లోనో రాస్తే ఆ ఇబ్బంది ఉండదు, ఆడపడుచు కంటా పడదు. రెండో తప్పు, వారం అంకెలన్నీ ఆదివారం కూర్చుని నింపడం. గొడవ జరిగిన రోజు గుర్తుంటుంది, హాయిగా గడిచిన మంగళవారం గుర్తుండదు. మూడోది ముట్టు వాయిదా మాత్రలు. పెళ్లికనో, బరంపురం ఠాకురాణి జాతరకనో, రథయాత్రకనో నోరెథిస్టెరోన్ వేసుకున్న నెలను లెక్కలో కలపకండి. ఆ మాత్రే ఉబ్బరం, రొమ్ము నొప్పి, దిగులు తేగలదు. రక్తం గడ్డకట్టే జబ్బు ఒకసారి వచ్చినవాళ్లు అసలు దాని జోలికి పోకూడదు.

తేదీ దాటి వారమైనా ముట్టు రాలేదు, రొమ్ముల సలుపు మాత్రం అలాగే ఉందంటే లెక్క పక్కనపెట్టి ముందు ప్రెగ్నెన్సీ కిట్‌తో చూసుకోండి. తొలి వారాల గర్భం కూడా ఇలాగే ఉంటుంది.

హోమియో గుళికల సంగతి

ఒడిశాలో హోమియో వాడకం బాగా ఉంది. బరంపురంలో ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలే ఉంది. కాబట్టి ఈ బాధకు మొదటి మజిలీ చాలామందికి అదే. హోమియో డాక్టరు జబ్బు పేరును బట్టి కాక మనిషి తీరును బట్టి మందు ఎంచుతాడు. ఇల్లూ పిల్లలూ ఎవరూ పట్టనంత విసుగు, పొత్తికడుపు కిందికి జారుతున్నట్టు బరువు, చురుగ్గా పనిచేస్తే కాస్త నయం అంటే సెపియా. ఊరికే ఏడుపొచ్చి, పక్కన మనిషి కావాలనిపించి, దాహం లేక, చల్లగాలిలో తేలికపడేవాళ్లకు పల్సటిల్లా. దుఃఖం లోపలే దాచుకుని, ఓదారిస్తే మండిపడి, తలనొప్పితో ఉప్పు కోరుకునేవాళ్లకు నేట్రం మూర్. అది మన వంటింటి ఉప్పే. రొమ్ముల వాపు, చలి తట్టుకోలేకపోవడం, తల చెమటలు, ముట్టు ముందుగా, ఎక్కువగా రావడం ఉంటే కల్కేరియా కార్బ్. కోపం, మలబద్ధకం, టీల మీద టీలు, నిద్ర లేమి అంటే నక్స్ వామికా, అంటే ముష్టి గింజ. ఇక లాకెసిస్ పాము విషం నుంచి చేసేది. మాటల ప్రవాహం, అనుమానం, మెడ దగ్గర బిగువు గిట్టకపోవడం, ముట్టు మొదలవగానే హాయి దాని గుర్తులు. ఈ చివరి గుర్తును కాస్త ఆగి చూడండి. ముట్టు రాగానే తగ్గడమే పీఎంఎస్ అసలు లక్షణం. అంటే ఈ బాధ ఉన్న ప్రతి మనిషికీ ఆ మందు ఎంతోకొంత అతుకుతుంది.

మామూలుగా 30 పొటెన్సీ నాలుగు గుళికలు, రోజుకు రెండుసార్లు, తిండికి అరగంట ఎడంగా ఇస్తారు. 200 అయితే ఒకటి రెండు మోతాదులతో ఆపుతారు. 30 అంటే అసలు సరుకును ఒకటికి వంద చొప్పున ముప్పైసార్లు పలచన చేయడం. పన్నెండోసారి దాటేసరికే అసలు పదార్థపు అణువు ఒక్కటి మిగలడం కూడా కష్టం. నాలుక మీద కరిగేది పంచదార గుళిక. ఆధారాల సంగతికొస్తే, పీఎంఎస్‌కు హోమియో మేలు చేసిందన్న చిన్న అధ్యయనం ఒకటి 2001లో ఇజ్రాయెల్ నుంచి వచ్చింది. అందులో ఉన్నది 20 మంది. దాని మీద ఏదీ తేల్చలేం. 2015లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధన మండలి ఉన్న అధ్యయనాలన్నీ జల్లెడ పట్టి, హోమియో పనిచేస్తుందనడానికి ఏ జబ్బు విషయంలోనూ నమ్మదగ్గ రుజువు లేదని చెప్పింది. మా అభిప్రాయమూ అదే. హోమియో డాక్టరు ముప్పావుగంట కూర్చోబెట్టి ఓపిగ్గా వింటాడు, మనసుకు తేలిక పడుతుంది. ఆ మేలు నిజమే, కానీ అది గుళికది కాదు.

అయినా వాడతామనేవాళ్లు పద్ధతిగా వాడండి. మందు లేకుండా రెండు నెలల లెక్క చేతిలో పెట్టుకున్నాకే మొదలుపెట్టండి. మూడు నెలసరులు గడువు పెట్టుకోండి. ముట్టు ముందు వారం మొత్తం 14, 13 ఉన్నది మందు మొదలయ్యాక 12, 14, 11 అయితే ఏమీ మారలేదు, ఆపేయండి. 6, 5, 5 అయితే కారణం ఏదైనా సరే, సుఖపడ్డారు, కొనసాగించినా నష్టం లేదు. ఇంకొకటి జాగ్రత్త. "మందు పనిచేసేటప్పుడు ముందు పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది" అంటారు. 18వ రోజున గుళికలు మొదలుపెడితే 25వ రోజుకు పెరగడం, వచ్చే ముట్టుకు తగ్గడం ఎలాగూ జరిగేదే. ఆ మాట ఈ జబ్బులో ఎప్పుడూ తప్పదు, కాబట్టి దాన్నిబట్టి ఏమీ తెలియదు.

సీసా మీద మందు పేరు, పొటెన్సీ రాయించుకోండి. పేరు లేని పొట్లం పొడి తీసుకోవద్దు. బీహెచ్‌ఎంఎస్ (హోమియో డిగ్రీ) చదివి రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లండి. మదర్ టించర్ అన్నది గుళికల్లాంటిది కాదు. అందులో నిజంగానే మూలిక సారం, ఆల్కహాల్ ఉంటాయి. గర్భం కోసం చూస్తున్నవాళ్లు, కాలేయం జబ్బున్నవాళ్లు వేసుకోకూడదు. గుళికలు మొదలుపెట్టామని థైరాయిడ్ మాత్రో, ఫిట్స్ మాత్రో ఆపడమే ఈ మొత్తం వ్యవహారంలో అసలు ప్రమాదం.

రుజువున్న మందులు

అందరూ వెంటనే మొదలుపెట్టగలిగింది క్యాల్షియం. 1998లో అమెరికాలో 466 మంది మీద జరిగిన పరీక్షలో రోజుకు 1,200 మిల్లీగ్రాముల క్యాల్షియం వేసుకున్నవాళ్లకు మూడో నెలసరికి లక్షణాలు 48 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లకూ 30 శాతం తగ్గాయి. పైన గుళికల గురించి చెప్పిన మాటకు ఈ 30 శాతాన్ని జతచేసి చూసుకోండి.

తిండిలోంచి ఎంత వస్తుందో ముందు లెక్కేయండి. 200 మిల్లీలీటర్ల గ్లాసు పాలకో పెరుగుకో దాదాపు 240 మిల్లీగ్రాములు, రెండు గ్లాసులకు 480. చోళ్లలో, అంటే రాగుల్లో, 100 గ్రాములకు సుమారు 360 ఉంటుంది. పొద్దున్న అంబలిలో 60 గ్రాముల చోడిపిండి పడితే 215. పొట్టు తీయని నువ్వులు 10 గ్రాములు, అంటే ఓ చెంచా పొడికి 125 దాకా. అన్నీ కలిపితే 820. దీనికి ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర చాలు. పాలు ముట్టనివాళ్లకు రెండు కావాలి. డబ్బా మీద "క్యాల్షియం కార్బొనేట్ 1250" అని ఉంటే అందులో అసలు క్యాల్షియం 500 మాత్రమే. 1250 చూసి ఒకటే సరిపోతుందనుకుని మోసపోయేది ఇక్కడే. అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. రెండూ ఒకేసారి వద్దు, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. ఐరన్ మాత్రకు రెండు గంటలు, థైరాయిడ్ మాత్రకు నాలుగు గంటలు ఎడం ఉంచండి, లేకపోతే అవి ఒంటికి పట్టవు. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టర్ని అడగనిదే వేసుకోకూడదు. పదిరోజుల్లో గుణం కనిపించదు, మూడు నెలలు ఆగాలి.

విటమిన్ బి6 కొందరికి మూడ్ విషయంలో కాస్త పనికొస్తుంది. రోజుకు 50 మిల్లీగ్రాములు చాలు, 100 ఎప్పుడూ దాటొద్దు. అతిగా వాడితే నరాలు దెబ్బతిని అరికాళ్లు తిమ్మిరెక్కుతాయి. విదేశీ మూలిక వైటెక్స్ ఆగ్నస్ క్యాస్టస్ మీద కొంత రుజువుంది. మన గట్ల మీది వావిలి దానికి చుట్టమే కానీ అదే చెట్టు కాదు. వావిలాకు కషాయం తాగి ఆ ఫలితం ఆశించకండి.

నొప్పికి మెఫెనమిక్ యాసిడ్ 500 మిల్లీగ్రాములు, తిన్నాక, రోజుకు మూడు దాటకుండా, రెండు మూడు రోజులకు మించకుండా. కడుపులో పుండు, ఉబ్బసం ఉన్నవాళ్లకు పడదు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు పుట్టిళ్లున్నవాళ్లకు ఒక మాట. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంతమందిని తినేస్తోందో మీకు చెప్పనక్కర్లేదు. నొప్పి మాత్రలు కిడ్నీకి బరువు. ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గినప్పుడు మరీను. ఒకసారి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకున్నాకే నెలనెలా వాడే అలవాటు పెట్టుకోండి.

బాధ ముఖ్యంగా మనసుకు సంబంధించిందై, ఉద్యోగం, కాపురం దెబ్బతినే దాకా వస్తే దాన్ని పీఎండీడీ అంటారు, అంటే పీఎంఎస్‌లో తీవ్రమైన రకం. దానికి బాగా పనిచేసేవి ఫ్లూయాక్సెటిన్ 20, సెర్ట్రాలిన్ 50 లాంటి మందులు. డిప్రెషన్‌లో ఇవి పట్టుకోవడానికి వారాలు పడుతుంది, ఇక్కడ మాత్రం కొద్ది రోజుల్లోనే గుణం తెలుస్తుంది. అందుకే కొందరికి నెలంతా కాకుండా 14వ రోజు నుంచి ముట్టు దాకా మాత్రమే ఇస్తారు. మొదట్లో వికారం, కొందరికి నిద్ర తేడా, కోరిక తగ్గడం ఉంటాయి. "పిచ్చి మాత్రలు" అన్న పేరుకు భయపడి మానేవాళ్లే ఎక్కువ. ఇవి నిద్రమాత్రలు కావు, వ్యసనంగా మారవు. డాక్టరు చీటీ లేకుండా మాత్రం వద్దు. డ్రోస్పిరెనోన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు ఇంకో దారి. బీపీ ఉన్నవాళ్లకు, కళ్ల ముందు మెరుపులు కనిపించే పార్శ్వపు తలనొప్పి ఉన్నవాళ్లకు అవి ప్రమాదం.

ఇంట్లో

రోజూ అరగంట చురుకైన నడక, వేళకు నిద్ర, సాయంత్రం నాలుగు తర్వాత టీ మానడం. ఇవి అందరూ చెప్పేవే, చేస్తే మంచిదే. ఉబ్బరం ఎక్కువుంటే ఆ వారం చద్దన్నంలో, పఖాళలో (ఒడిశా నీళ్లన్నం) వేసే ఉప్పు, నంజుకునే ఎండుచేప, ఆవకాయ తగ్గించి చూడండి. కొందరికి తేడా తెలుస్తుంది, కొందరికి తెలియదు.

ఇంట్లోవాళ్లకు చెప్పడానికి మంచి సమయం 6 నుంచి 10వ రోజు మధ్య. కోపంగా ఉన్న రోజున చెబితే సంజాయిషీలా వినపడుతుంది. "నెలలో ఈ నాలుగైదు రోజులు నాకు ఒంట్లో బాగోదు, డబ్బు లెక్కలు, పిల్లల మార్కులు అప్పుడు ఎత్తొద్దు" అని తేదీలతో సహా ఒక్కరికైనా చెప్పండి. జూన్ నడిమధ్య రజ పండక్కి భూదేవి ముట్టయిందని ఒడిశాలో మూడు రోజులు నాగలి కట్టరు, నేల తవ్వరు, ఆడపిల్లలను ఉయ్యాలలెక్కిస్తారు. ఆ పండగ జరిగే ఇంట్లో అత్తగారి దగ్గర ఈ మాట ఎత్తడానికి అంతకన్నా మంచి సందు దొరకదు. అలాగని మీరు అడిగిన ప్రతిదానికీ "నీకా రోజులొచ్చాయి" అని కొట్టేస్తే ఊరుకోవద్దు. 26వ రోజున ఏడిపించిన మాట 8వ రోజునా బాధపెడుతుంటే అది పీఎంఎస్ కాదు, ఇంటి తగువు. దానికి మాత్రలు లేవు.

ఆస్పత్రికి వెళ్లినప్పుడు

రెండు నెలల లెక్క కాగితం పట్టుకెళ్లండి. ఒడియా అంతంతమాత్రం వచ్చినవాళ్లకు ఇది సగం పని చేసిపెడుతుంది. ముట్టును అక్కడ "మాసిక" అంటారు. నర్సు "ముండ బింధుచి?" అని అడిగితే తిట్టిందనుకోకండి, తలనొప్పిగా ఉందా అని అర్థం. "రాగ" అంటే కోపం.

మల్కన్‌గిరి, కోరాపుట్, రాయగడ జిల్లాల్లో సికిల్ సెల్ జబ్బు (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుక జబ్బు) ఎక్కువ. ముట్టు దగ్గరపడినప్పుడల్లా ఎముకలు, కీళ్లు పీకేస్తుంటే పీఎంఎస్ అని సరిపెట్టుకోకుండా ఆ రక్తపరీక్ష చేయించండి. 2023లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ పరీక్ష చేస్తున్నారు. ముట్టు మొదలయ్యాకే వచ్చి నెలనెలా ముదిరే పొత్తికడుపు నొప్పి, గంటకో ప్యాడ్ మార్చాల్సినంత రక్తం, రెండు ముట్ల మధ్య రక్తం, ముట్టు ముందు ఫిట్స్ రావడం, వీటిలో ఏది ఉన్నా లెక్క పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. రొమ్ములో గడ్డ చేతికి తగిలితే ముట్టు అయిపోయాక, 7వ రోజు ప్రాంతంలో మళ్లీ చూసుకోండి. అప్పటికీ ఉంటే చూపించాలి.

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే "రెండు రోజుల్లో ముట్టొస్తుంది, పోతుంది" అని ఒంటరిగా ఓర్చుకోకండి. ఇంట్లో ఒకరికి చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా ఎత్తుతారు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ తేదీ ఎదురుగా కూడా అంకె వేసి ఉంచండి, డాక్టరుకు ఆ గడి తప్పక చూపించండి.